చర్మం బిగిసిన ఏండ్లు

నా పేరు నర్సమ్మ. నా ఉద్యోగం ఏఎన్ఎం, ఊర్లు తిరిగి కాన్పులు, టీకాలు చూసే నర్సు. సారపాక అవతల అడివి ఊర్లల్లో ఎవరన్న "నర్సమ్మా" అని కేకేస్తే, పిలిచింది నా పేరునో నా పనినో నాకే తెలిసేది కాదు. పదేండ్లు కాన్పులు చేసిన. ఈ చేతుల్లోకి వచ్చిన పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నరు, కొందరు బడి మానేసి వెదురు కొట్టుడుకు పోతున్నరు. ఆ చేతులకే జబ్బు చేసింది.

ఇప్పుడు బాగనే ఉన్న. కలం పట్టుకునుడు మాత్రం ఇంకా కష్టమే, రోజుకు ఒక పేజీ రాసి ఆపుతున్న. దవాఖానా బల్లల మీద గంటలు గంటలు కూసున్నప్పుడు, ఈ జబ్బు వచ్చి బతికినోళ్ళు ఎవరన్న ఒక్కరు నా పక్కన కూసొని మాట్లాడితే బాగుండు అనుకునేదాన్ని. ఎవరూ దొరకలేదు. అందుకే ఇది రాస్తున్న.

ఎనభై మూడు, చలికాలం

మేము సారపాకలో కిరాయి ఇంట్లో ఉంటుంటిమి. మా ఆయన రామచంద్రు కాగితం మిల్లులో షిఫ్టు పని. మాకు ఒక్కతే బిడ్డ, రజిత, అప్పుడు దానికి ఐదేండ్లు. నా సబ్ సెంటర్ ఉన్న ఊరు అడివిలో ఉండె. బస్సు దిగి అరగంట నడవాలె. బస్సు దిగేసరికి ముత్తమ్మక్క నా కోసం రోడ్డు మీద నిలబడేది. ఆమె కోయ ఆమె, ఆ ఊరి మంత్రసాని, నాకన్న పదిహేనేండ్లు పెద్ద. నేను కొత్తగ వచ్చినప్పుడు ఏ ఇంటికి ఏ దారిన పోవాలె, ఏ ఇంట్లో ఏం అడగొద్దు, అన్నీ ఆమెనే నేర్పింది.

ఆ పొద్దు మంచు ఎట్ల పట్టిందంటే ముందు నడిచే ముత్తమ్మక్క కాళ్ళు కనపడుతున్నయి గని తల కనపడుతలేదు. టేకాకుల మీంచి నీళ్ళు బొట్లు బొట్లు రాలుతున్నయి. బాలింతను చూసొచ్చి, కుండలో నీళ్ళు వంచుకొని చేతులు కడుక్కున్న. కడుక్కుంటుంటేనే వేళ్ళు తెల్లబడ్డయి. కొసల నుంచి మొదలై రెండో కణుపు దాక, గీత గీసినట్టు. నొప్పి లేదు. ఎవరి చేతులో తెచ్చి నాకు తగిలించినట్టు ఉన్నది. నేను వాటిని తిప్పి తిప్పి చూస్తున్న.

"ఏంది నర్సమ్మా, సున్నంల ముంచినవా?" అన్నది ముత్తమ్మక్క.

నా రెండు చేతులు పట్టుకొని పొయ్యి కాడికి తీసుకపోయింది. తెలుపు పోయి నీలం వచ్చింది, నీలం పోయి ఎరుపు వచ్చింది. ఎరుపుతోటి మంట, వేళ్ళ లోపల చీమలు పాకుతున్నట్టు.

"చలికి గంతే," అన్నది ఆమె. నేనూ గట్లనే అనుకున్న. అనుకుంటే సుఖంగ ఉన్నది.

ఆ చలికాలం పోయేలోపల వేళ్ళు ఉబ్బినయి. పెండ్లి ఉంగరం సబ్బు పెట్టినా రాలేదు. కంసాలి కత్తిరించి తీసిండు. కత్తిరించిన ఉంగరాన్ని మా ఆయన కాగితంలో చుట్టి బీరువాలో పెట్టిండు, ఒక్క మాట అనలేదు. ఏదన్న భయమైతే మాట ఆగిపోతది ఆయనకు. అది నాకు తరువాత తరువాత అర్థమైంది. అప్పుడు మాత్రం కోపమొచ్చింది.

ఎనభై నాలుగు, ఎండాకాలం

ఉబ్బు దిగింది. చర్మం బిగిసింది. మొదలు వేళ్ళు, తరువాత మణికట్టు, తరువాత మోచెయ్యి దాక. నూనె రాసిన తోలు లెక్క మెరిసేది. పిడికిలి పడుతలేదు. గ్లవ్స్ తొడుక్కుంటే వేళ్ళు సగంలో ఆగేటివి. పనిలో ఉన్నప్పుడు కూడ, నా చేతుల మీద ఎవరో ఒక సైజు తక్కువ గ్లవ్స్ ఎప్పటికీ విప్పకుండ తొడిగినట్టు ఉండేది.

తరువాత ముఖం. కండ్ల కాడ, నోటి కాడ ఉన్న గీతలన్నీ మాయమైనయి. బస్సులో ఒకామె పక్కన కూసొని అడిగింది, "ముఖానికి ఏం పెడుతున్నవమ్మా? ఒక్క ముడత లేదు." నేను నవ్వబోయిన. నవ్వు రాలేదు. లోపల నవ్వుతున్న గని చర్మం కదులుతలేదు. ఇంటికి పోయినంక రజిత చానాసేపు నన్నే చూసి, "అమ్మా, నా మీద కోపమా?" అన్నది. లేదు బిడ్డా అన్న. "మరి నవ్వవేంది?" అన్నది. ఆ దినాల్లో అన్నిటికన్న ఎక్కువ నొచ్చింది అదే.

నాకు ఒక భయముండె. అది బయటికి అనలేదు. ఊర్లల్లో కుష్టు మచ్చలు చూసుడు నా పనిలోనే ఉండె. దూది తగిలిస్తే తెలుస్తుందా, గుండుపిన్ను గుచ్చితే తెలుస్తుందా అని ఎంతమందిని కండ్లు మూసుకొమ్మన్ననో. ఒక మధ్యాహ్నం తలుపేసుకొని నన్ను నేనే కండ్లు మూసుకొమ్మన్న. దూది తగిలింది. పిన్ను గుచ్చుకున్నది. మోచెయ్యి, ముంజెయ్యి, చెంప, అంతటా తెలుస్తున్నది. కుష్టు కాదని తెలిసి ఏడ్సిన. కాదు సరే, మరేందో తెలవక మళ్ళ ఏడ్సిన.

అప్పుడే దమ్మపేట కాడి ఊరు నుంచి అత్తమ్మ వచ్చింది. నా చేతులు చూసింది. మాపటికి నా కంచం, నా గిలాస మిగతా గిన్నెలతోటి కాకుండ దొడ్డి గోడ మీద బోర్లించి ఉన్నయి.

"అత్తమ్మా, అది కాదు. పరీక్ష చేసుకున్న," అన్న.

"నేనేమన్ననా?" అన్నది.

"కంచం పక్కకు పెట్టినవు గద."

"పిల్ల ఉన్నది ఇంట్ల. నాకు చదువు లేదు. నాకు తెలిసిందేదో నేను చేసిన," అన్నది. ఆమె గొంతులో కోపం లేదు, బెదురు ఉన్నది. ఆమె చెడ్డామె కాదు. ఆ రోజు అట్ల అనుకోలేకపోయిన.

మా ఆయన నన్ను ఖమ్మం తీసుకపోయిండు. చెవి తమ్మె కాడ కొంచెం గీకి తీసి అద్దం మీద రాసిన్రు. ఒక దినమంతా వరండాలో కూసున్నం. మాపటికి చీటీ ఇచ్చిన్రు. కుష్టు క్రిములు లేవు. ఆ చీటీని మా ఆయన బస్సులో మూడుసార్లు తీసి చదివిండు. ఇంటికొచ్చినంక వాళ్ళమ్మకు చదివి వినిపించిండు. తెల్లారి కంచం లోపలికొచ్చింది. ఆమె నా మొఖం దిక్కు చూడలేదు, నేనూ ఆమె దిక్కు చూడలేదు.

ఖమ్మంలో డాక్టరు మాత్రం, ఇదేందో నాకు అంతుపడతలేదమ్మా, హైదరాబాద్ పోండ్రి అన్నడు. తెలవదని చెప్పినందుకు ఆయనకు నేను ఇప్పటికీ దండం పెడుత.

ఎనభై ఐదు, జనవరి

హైదరాబాద్ పెద్ద దవాఖానాలో చర్మం డాక్టర్ల ముందు ఒక పొడుగు గది. పైన ఫ్యాన్లు, చలికాలమైనా తిరుగుతున్నయి. పొద్దున పోతే చీటీ వంతు మధ్యాహ్నానికి వస్తది. రెండు దినాలు అట్లనే కూసున్నం. కూసొని కూసొని సగం నిద్ర పట్టేది. ఆ సగం నిద్రలో గది అంతా నీళ్ళ కింద ఉన్నట్టు, మనుషులందరు మెల్లగ ఈదుతున్నట్టు కనపడేది. పేర్లు పిలిచే ఆయన గొంతు ఎక్కడో ఒడ్డు మీంచి వస్తున్నట్టు ఉండేది.

నా వేళ్ళు ఫ్యాను గాలికే తెల్లబడుతుంటే పక్కన కూసున్న ముసలామె చూసింది. ఆమెకు కాళ్ళ మీద పుండ్లు. సంచిలో నుంచి ఊలు సాక్సులు తీసి నా చేతులకు తొడిగింది, పిల్లకు తొడిగినట్టు.

"కాళ్ళయి చేతులకు తొడిగితె ఎవ్వరేమంటరమ్మా," అన్నది.

వంతు వచ్చి ఆమె లోపలికి పోయింది, అటునుంచి అటే వెళ్ళిపోయింది. సాక్సులు నా దగ్గరనే ఉండిపోయినయి. ఆమె పేరు కూడ అడగలేదు.

మమ్మల్ని చూసింది ఒక డాక్టరమ్మ. నా వయసే ఉంటది. నా చేయి పట్టుకొని, ముంజేతి మీద చర్మం రెండు వేళ్ళతోటి మడవబోయింది. మడత పడలేదు. నోరు తెరవమన్నది. రెండు వేళ్ళు పట్టే అంతనే తెరుచుకున్నది. జబ్బుకు ఒక పొడుగు పేరు చెప్పింది. నేను నర్సునని తెలిసి, ఓపీ చీటీ తిప్పి వెనుక బొమ్మ గీసింది.

"మన చర్మం కింద కొన్ని కణాలుంటయి నర్సమ్మగారు. వాటి పని దారం తీసుడు. లోపల మూడు పోగులు కలిపి పురి పెడుతయి. పెట్టి బయటికి పంపుతయి. బయటికొచ్చినంక ఆ దారం కొసలు తెగుతయి. కొసలు తెగితేనే ఒక దారం ఇంకో దారానికి అతుక్కొని తాడవుతది. మన చర్మం, నరం, ఎముక, అంతా ఆ తాళ్ళ మీదనే నిలబడ్డది."

"మరి తాడు అయినంక?"

"తాడును కణం వదిలిపెట్టదు. పట్టుకొని లాగుతది. ఎటు లాగితే తాళ్ళు అటు వరుసగ పడుతయి. కండరం కాడ ఒక తీరు, వేలు మడత కాడ ఒక తీరు. తాడు గట్టిగున్నదా మెత్తగున్నదా అని కూడ దానికి తెలుస్తది. గాయమైతే చాన తీస్తయి, మానినంక ఆపుతయి."

"నాకు గాయమేం కాలేదు గద."

"కాలేదు. అయిందని ఎవరో చెప్పినట్టు పని చేస్తున్నయి. ఆపమన్న మాట వాటికి చేరుతలేదు."

మా ఆయన అప్పటిదాక గోడకానుకొని నిలబడ్డడు. ఆ గదిలో ఆయన అడిగింది ఒక్కటే మాట. "ఎవరు చెప్పాలె మేడం ఆ మాట?"

డాక్టరమ్మ కలం మూసింది. "అది తెలిస్తే మందు తెలిసినట్టే. మాకు తెలవదు. కొన్ని గోలీలు ఇస్త, పని చేస్తయని గ్యారంటీ లేదు. కాని ఒకటి చూసిన. చాలామందికి మూడు నాలుగేండ్లకు వాటంతట అవే నెమ్మదిస్తయి. అప్పటిదాక కిడ్నీలు, ఊపిరితిత్తులు కాపాడుకోవాలె. బీపీ రోజూ చూసుకోవాలె, పెరిగితే ఒక్క పూట ఆగొద్దు. వేళ్ళు కదిలిస్తనే ఉండాలె. అవి లాగుతనే ఉంటయి, మీరూ ఎదురు లాగుతనే ఉండాలె."

ఆ చీటీ నా దగ్గర చాన ఏండ్లు ఉండె. అందులో కణం బొమ్మ సాలెపురుగు లెక్క ఉండె, చుట్టూ గీతలు. నాకు ఆమె చెప్పింది ఎంత అర్థమైందో గని, ఒకటి తెలిసింది. ఇది పాపం కాదు, అంటు కాదు. నా ఒంట్లో పనిచేసేటివే ఆగకుండ పనిచేస్తున్నయి.

ఎనభై ఐదు, ఖానాపురం హవేలి

లాంగ్ లీవు పెట్టి, రజితను తీసుకొని ఖమ్మంలో మా చెల్లె సరోజ ఇంటికి పోయిన. ఖానాపురం హవేలిలో కొత్తగ కట్టుకున్నరు, చుట్టూ ఇంకా పొలాలే. రోజూ పెద్ద దవాఖానాలో చేతులకు మైనం పెట్టేటోళ్ళు. కరిగిన మైనంలో చేతులు ముంచి తీస్తే తెల్లగ గడ్డకట్టేది. ఆ వెచ్చదనంలో పావుగంటసేపు చేతులు నావే అనిపించేది. మైనం ఒలిచినంక వేళ్ళు ఒక్కొక్కటి వంచాలె. సరోజ వంచేది. నేను అరిస్తే ఆమె ఏడ్చేది. ఏడ్చుకుంటనే వంచేది.

మధ్యాహ్నాలు నిద్రకు, మెలుకువకు నడుమ పడి ఉండేదాన్ని. ఆ ఏడాది నాకు సరిగ్గ గుర్తులేదు, ఒకే పొడుగు మధ్యాహ్నం లెక్క గుర్తుంది. కిటికీలో నుంచి వరి వాసన. ఇల్లంతా చడీచప్పుడు ఉండకపోయేది. అప్పుడు చర్మం కింద వాళ్ళు పనిచేస్తున్నట్టు తెలిసేది. ఆ కణాలను వాళ్ళు అనే అనుకునేదాన్ని. నాకు కుడి చెయ్యిలో ఉన్నోళ్ళు ఎడమ చెయ్యిలో ఉన్నోళ్ళకన్న మంచోళ్ళని కూడ ఉండె. పురి పెడుతున్నరు, కొస తెంపుతున్నరు, లాగి కడుతున్నరు. కోపం వచ్చేది కాదు. ఇంత శ్రద్ధగ పని చేసేటోళ్ళను ఎట్ల తిట్టాలె? చాలు నాయనా, మానింది, ఇగ పోండ్రి అని మెల్లగ చెప్పేదాన్ని. సరోజ ఒకసారి విని, "ఎవరితోటి అక్కా?" అన్నది. ఏం లేదు అన్న.

మా ఆయన వారం వారం సెలవు దినం వచ్చేటోడు. మిగతా దినాలు బీపీ దవాఖానాలోనే చూసేటోళ్ళు. బీపీ మిషను నా దగ్గర ఉండె గని, ఆ రబ్బరు బుగ్గ పిసకాలంటే నా వేళ్ళకు చేతకాదు. ఆయన నేర్చుకుంట అన్నడు. మొదటి దినం స్టెతస్కోపు తిరగేసి పెట్టుకున్నడు. నెలకు చేయి తిరిగింది. నా మోచేతి మడత కాడ వేలు పెట్టి నాడి వెతికేటోడు, కండ్లు మూసుకొని వినేటోడు. మాట్లాడడం రాని మనిషి ఎంత శ్రద్ధగ వింటడో అప్పుడు చూసిన. ఆయన వింటున్నంతసేపు నేను కూడ ఊపిరి బిగపట్టి ఆయన మొఖం చూసేదాన్ని.

ఒక ఆదివారం విని, మళ్ళ కట్టి, మళ్ళ విన్నడు. మూడోసారి నా చెవులకు పెట్టిండు. నాకూ అదే వినపడ్డది. చాన ఎక్కువ. పొద్దటి నుంచి తలనొప్పిగ ఉన్నదని నేను ఎవరికీ చెప్పలేదు. అరగంటలో దవాఖానాలో ఉన్నం. ఎనిమిది దినాలు ఉంచుకున్నరు, గోలీలు మార్చిన్రు, దిగింది. ఒక్క పూట ఆగి ఉంటే కిడ్నీలు పోయేటియని డాక్టర్లు అన్నరు. అందుకే ఈ జబ్బు ఉన్నోళ్ళకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే. తలనొప్పిని దాచుకోవద్దు.

ఆ ఎనిమిది దినాలు నా దగ్గర ఉన్నది అత్తమ్మ. కబురు తెలిసి దమ్మపేట నుంచి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. నా నోరు పెద్దగ తెరవరాదు కాబట్టి, అన్నం మెత్తగ పిసికి, రేగుపండంత ముద్దలు చేసి తినిపించింది. ఆమె వేళ్ళు నా పెదవులకు తగిలేటివి. ఆ కంచం సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఒకనాడు నాకు పెట్టిన ముద్దల్లో మిగిలినవి నా కంచంలోనే ఆమె తిన్నది. నేను చూస్తున్ననని ఆమెకు తెలుసు.

ఎనభై ఆరు, వరద

జూన్‌లో మళ్ళ డ్యూటీకి పోయిన. కాన్పులు చేయొద్దు, టీకాలు, రిజిస్టర్లు చూసుకొమ్మన్నరు. ఆగస్టులో వాన పట్టింది. గోదావరి అంత ఎత్తుకు రావడం ఊర్లో పెద్దోళ్ళు కూడ చూడలేదు. వాగులు ఎనక్కి తన్నినయి. నేను సబ్ సెంటర్లో ఉండగనే సారపాక రోడ్డు మునిగింది. మా ఆయన, బిడ్డ అటు, నేను ఇటు. ముత్తమ్మక్క ఇంట్లో పండుకున్న.

పల్లంలో ఉన్న గూడేలన్నీ మా ఊరి బడికి వచ్చినయి. బడి అంటే రెండు గదులు. ఒకదాంట్లో గింజల బస్తాలు, మేకలు. ఒకదాంట్లో మనుషులు. మూడో దినం మధ్యాహ్నం కన్నమ్మ అనే పిల్లను మంచం మీద మోసుకొచ్చిన్రు, తొలి కాన్పు. వాన చప్పుడుకు పక్కన మనిషి మాట వినపడుతలేదు. చీర అడ్డం కట్టినం. ముత్తమ్మక్క ముందు కూసున్నది, నేను ఆమె భుజం పక్కన.

తల వచ్చింది. మెడకు బొడ్డుపేగు చుట్టుకొని ఉన్నది.

ముత్తమ్మక్క నా దిక్కు తిరిగింది. "గిది నువ్వే చేస్తుంటివి నర్సమ్మా. నేను ఎన్నడూ చెయ్యలే."

"నా వేలు వంగదక్కా. నువ్వే చెయ్యాలె."

"ఏం చెయ్యాలె చెప్పు మరి."

"మెడకు పేగుకు నడుమ నీ వేలు పోతదా చూడు."

"పోయింది."

"లాగకు. వదులు చెయ్యి, కొంచెం కొంచెం. వదులైతున్నదా?"

"అవ్. అయితున్నది."

"ఇగ తల మీదికెల్లి తప్పియ్యి. చొక్కా విప్పినట్టు."

ఆమె తప్పించింది. బిడ్డ జారి ఆమె చేతుల్లోకి వచ్చింది, నీలంగ, మెత్తగ. ఏడుపు లేదు. నోట్లో గుడ్డతోటి తుడువు అన్న. వీపు రుద్దు అన్న. ఇంకా గట్టిగ, ఇంకా. నేను అరుస్తున్ననని నాకు తెలవదు. నా చేతులు నా ఒళ్ళో ఉన్నయి, అవి కూడ రుద్దుతున్నట్టే కదులుతున్నయి. గదిలో అందరు చిన్నగ కనపడుతున్నరు, ఎక్కడో దూరంగ ఉన్నట్టు. వాన ఆగినట్టు అనిపించింది. ఆగలేదు. బిడ్డ ఏడ్చింది, ఆ ఏడుపు ముందు నాకు వాన వినపడలేదు అంతే.

అంతా అయినంక ముత్తమ్మక్క కొంగుతోటి నా గదువ తుడిచింది. అరిచి అరిచి నా నోటి కొస చీలి రక్తం కారుతున్నదట.

"నువ్వు గట్లనే చెప్తుండు, నేను చేస్తుంట," అన్నది. "ఏమైతది?"

నా చేతులు లేకపోతే నా పని లేదని రెండేండ్ల నుంచి అనుకుంటున్న. ఆ మాట విన్నంక ఆ అనుకునుడు ఆగిపోయింది. రోడ్డు తేలిన దినం మా ఆయన మోకాటి లోతు బురదలో నడుచుకుంట వచ్చిండు. వచ్చి, సంచిలో నుంచి బీపీ పట్టీ తీసి నా చేయికి కట్టిండు.

ఎనభై ఎనిమిది

చర్మం కింద ఆ కణాలు ఏ దినం ఆగినయో నేను చెప్పలేను. వచ్చేటప్పుడు చప్పుడు లేదు, పోయేటప్పుడూ లేదు. అత్తమ్మ అప్పటికే మా దగ్గరనే ఉంటున్నది. రోజూ పొద్దున ఎండలో కూసోబెట్టి చేతులకు నువ్వుల నూనె రాసేది. ఒకనాడు రాస్తూ రాస్తూ ఆగింది.

"ఇటు చూడు," అన్నది.

మోచేతి కింద రెండు వేళ్ళతోటి పట్టుకున్నది. చర్మం లేచింది. కొంచెమే, చీర అంచు మడత అంత. వదిలితే పడిపోయింది. మళ్ళ పట్టుకున్నది. మేమిద్దరం చానాసేపు అట్లనే ఆడుకున్నం, చిన్నపిల్లల లెక్క. ఆమె కండ్లలో నీళ్ళు కారుతున్నయి, తుడుచుకోలేదు, చేతులకు నూనె ఉన్నది కాబట్టి.

మోచెయ్యి వదిలింది, ముంజెయ్యి వదిలింది, ముఖం కొంచెం కొంచెం నాకు తిరిగొచ్చింది. హైదరాబాద్ పోతే డాక్టరమ్మ నోరు తెరవమని చూసి, మూడు వేళ్ళు పడుతున్నయి అన్నది. "ఎందుకు ఆగినయి మేడం?" అంటే, "ఎందుకు మొదలైనయో తెలవలేదు గద, ఎందుకు ఆగినయో ఎట్ల తెలుస్తది," అన్నది. మందు పని చేసిందేమో, వేళ్ళు వంచినందుకేమో, వాటి టైం అయిపోయిందేమో. తెలిసినట్టు చెప్పేటోళ్ళు చాలమంది దొరికిన్రు నాకు, తాయత్తులు కట్టినోళ్ళు, లేపనాలు అమ్మినోళ్ళు. తెలవదని చెప్పిన ఇద్దరు డాక్టర్లే నన్ను బతికించిన్రు.

అంతా తిరిగి రాలేదు. కుడి చేతిలో రెండు వేళ్ళు కొక్కెం లెక్క వంగిపోయి ఉన్నయి. ఎత్తు ఎక్కితే ఆయాసం. చలికాలం వస్తే ఇప్పటికీ వేళ్ళు తెల్లబడుతయి. కాన్పులు చెయ్యను. చుట్టుపక్కల ఊర్ల మంత్రసానులకు నేర్పుత. ముత్తమ్మక్క చేసి చూపిస్తది, నేను చెప్త. నా మాట వాళ్ళకు అర్థం కాకపోతే ఆమె కోయలో చెప్తది. అప్పుడు అందరు నవ్వుతరు. ఏమన్నదో నాకు చెప్పదు.

తొంభై రెండు

పోయిన నెల మా సారపాకలోనే ఉండే ఒకామె బిడ్డను తీసుకొని మా ఇంటికొచ్చింది. బిడ్డ పేరు పద్మ, పద్దెనిమిదేండ్లు. తండ్రి మిల్లులో కాంట్రాక్టు పని. పిల్ల చున్నీలో చేతులు దాచుకొని కూసున్నది. చూడకముందే నాకు తెలిసింది. చూసిన. మెరుస్తున్నయి.

తల్లిని చాయ్ పెట్టుమని లోపలికి పంపిన. పిల్ల, నేను మిగిలినం.

"సచ్చిపోతనా ఆంటీ?" అన్నది. గొంతు మామూలుగనే ఉన్నది, బస్సు ఎప్పుడొస్తదని అడిగినట్టు.

"నాకు తెలవదు," అన్న. "నాకు వచ్చి తొమ్మిదేండ్లయింది. నేనున్న."

"పూర్తిగ తగ్గిందా?"

"లేదు."

నా చేతులు తీసి ఆమె ఒళ్ళో పెట్టిన. ఆమె వంగిన వేళ్ళు చూసింది, ముట్టి చూసింది. తరువాత తన చేతులు చున్నీలో నుంచి బయటికి తీసింది.

"నొస్తదా?"

"చలికి నొస్తది. వంచేటప్పుడు నొస్తది. వంచాలె."

"మరెట్ల ఉంటరు?"

ఉన్నదున్నట్టు చెప్పిన. "పొద్దున లేచి ఎంత వంగుతయో చూస్త. ఎన్ని పనులు చేతనైతె అన్ని చేస్త. చేతకానివి ఇంకెవరన్న చేస్తరు."

ఆమె హైదరాబాద్ ఎప్పుడూ చూడలేదట. డాక్టరమ్మ ఇంకా అదే దవాఖానాలో ఉన్నది, నేను ఉత్తరం రాస్త అన్న. సోమవారం పొద్దటి బస్సుకు పోదాం, నేను వస్త, మీ అమ్మ వస్తది, రెండు దినాలు కూసోవాల్సి వస్తది, ఊలు బట్టలు తెచ్చుకో అన్న. ఆమె తల ఊపుకుంట వింటున్నది. ఎంత వింటున్నదో, ఎంత భయపడుతున్నదో ఆ మొఖం చూస్తే తెలుస్తలేదు. అప్పటికే ముఖం బిగియడం మొదలైంది.

తల్లి చాయ్ తెచ్చింది. పద్మ రెండు చేతులతోటి కప్పు పట్టుకొని, వేడిని వేళ్ళకు తీసుకుంట కూసున్నది.

"ఆంటీ," అన్నది. "బస్సుల నాకు కిటికీ కాడ సీటు కావాలె."